అడుగున ఉన్న చెయ్యి

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం పేక బయటికి తీస్తే, ముందు అందరూ ఉంగరాలు, గాజులు, వాచీలు తీసి స్టీలు గిన్నెలో పడెయ్యాలి. గోళ్ళు కత్తిరించుకోవాలి. ఇదేదో మర్యాద అనుకునేరు, ప్రాణరక్షణ. ఒకసారి నాన్న వాచీ తియ్యడం మరిచిపోయాడు. దాని అద్దం పగిలింది, నా వేలు తెగింది, ఆట మాత్రం ఆగలేదు. "ముక్కల మీద రక్తం పడనివ్వకే" అంది నాన్నమ్మ. ఆవిడ ఓదార్పు అంతవరకే.

ఆట పేరు ఫటాఫట్. రెండు పేకలు కలిపేసి అందరికీ సమానంగా పంచుతారు. ఎవరి ముక్కలు వాళ్ళు చూసుకోకూడదు, ముందు బోర్లా పెట్టుకోవాలి. వరసగా ఒక్కొక్కరూ పై ముక్క తీసి బల్ల మధ్యలో వెయ్యాలి. అదీ బయటివైపుకి తిప్పుతూ వెయ్యాలి, అంటే వేసేవాళ్ళ కంటే ఎదుటివాళ్ళకే ముందు కనపడాలి. పడిన ముక్కా, దాని కింది ముక్కా ఒకే అంకె అయ్యాయా, ఇక వావీ లేదు, వరసా లేదు. అందరూ ఒక్కసారిగా కట్ట మీద చెయ్యి కొట్టాలి. చేతుల మీద చేతులు పడతాయి. అన్నిటికంటే అడుగున ఎవరి చెయ్యి ఉంటే కట్టంతా వాళ్ళది. జత పడకుండానే తొందరపడి కొడితే ఒక ముక్క జరిమానా. ముక్కలు అయిపోయినవాళ్ళు లేచిపోవాలి. ఇంకొక్క నియమం ఉంది, దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ఏ చేత్తో ఆట మొదలుపెట్టారో చివరిదాకా ఆ చేత్తోనే వెయ్యాలి, ఆ చేత్తోనే కొట్టాలి. రెండో చెయ్యి ఒళ్ళో ఉండాలి. మారిస్తే ఫౌల్, కట్ట ఎదుటివాళ్ళకి పోతుంది.

ఈ నియమాలన్నిటికీ కాపలాదారు మా నాన్న. సొంత భార్యని కూడా వదలడు. అమ్మకి నవ్వు ఆగదు, నవ్వితే రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. దానికి కూడా "చెయ్యి లేచింది!" అని అరుస్తాడు. ఆయన కళ్ళు మూసుకునేది ఒక్క మనిషి దగ్గరే, చెల్లెలి దగ్గర. ఆవిడే ఈ ఆటకి మహారాణి, మా మేనత్త.

అత్తది తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం. గోడ పొడుగునా చెక్క గూళ్ళు, ఒక్కో గూటి మీద ఒక్కో నంబరు. ఉత్తరాల కట్టని కుడిచేత్తో గుండెకి ఆనించుకుని, ఎడంచేత్తో ఒక్కొక్కటే విసురుతుంది. చూసి విసురుతోందో, విసిరి చూస్తోందో మనకి తెలియదు. ఒక్కటీ తప్పు గూట్లో పడదు. ఆఫీసులో ఆవిణ్ణి పిడుగు అంటారు, ఇంట్లోనూ అదే పేరు ఖాయమైంది. పేరుకి తగ్గట్టు కోపం కూడా ముక్కు మీదే ఉంటుంది.

ఎడంచెయ్యి ఎందుకంటే, కుడిచేతి చివరి రెండు వేళ్ళూ వంగవు. చిన్నప్పుడు పిట్టగోడ ఎక్కితే, "దూకు, నేను పట్టుకుంటా" అన్నాడు నాన్న. దూకింది. నాన్న పట్టుకోలేకపోయాడు. చెయ్యి అతికింది గానీ ఆ రెండు వేళ్ళూ కర్రల్లా నిలిచిపోయాయి. అప్పట్నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ పిల్ల మీద జాలే. ఫటాఫట్ ఆడుతుంటే చెయ్యి గాల్లో ఆపేసి, "అరె, నువ్వే ముందు!" అనేవారట. అందరికంటే ఎక్కువ ఆపింది నాన్న. పిల్లకి తెలియదనుకున్నారు. తెలియకపోవడమేం, ప్రతిసారీ తెలిసేది. ఆపనిది నాన్నమ్మ ఒక్కతే. "ఒక్క దెబ్బ వేస్తే ఏడిచేది. మర్నాడు మళ్ళీ ముక్కలు పట్టుకుని నా దగ్గరికే వచ్చేది" అంటుంది నాన్నమ్మ. అలా ఎడంచెయ్యి పదునెక్కింది. కుడిచెయ్యి ఒళ్ళో, రుమాలు కింద దాక్కుంది. ఆఫీసులో తప్పదు కాబట్టి బయటికి వస్తుంది, ఆట దగ్గర మాత్రం దాన్ని నేను ఏనాడూ చూడలేదు.

పెళ్ళి మాటలు రాకపోలేదు. ఒకాయన ఆటలో ఓడిపోయి ముఖం మాడ్చుకుని, పోసిన టీ కూడా తాగకుండా వెళ్ళాడు. ఇంకొకాయన ఆడినంతసేపూ రుమాలు వంకే చూశాడు. ఇద్దరికీ ఒక నమస్కారం పెట్టేసింది.

తర్వాత వచ్చాడు పెయింటరు. బోర్డులు రాసే మనిషి. తపాలా ఆఫీసులో గూళ్ళ మీద నంబర్లు మాసిపోతే కొత్తగా రాయడానికి వచ్చాడు. మొదటిరోజే అత్తతో గొడవ. ఈవిడ ఉత్తరాలు చేతిలో పట్టుకుని నిలబడితే, ఆయన గూటి ముందు వంగి ఒకే అంకె మీద కుంచె తిప్పుతూ కూర్చున్నాడు.

"ఒక్క ఎనిమిది రాయడానికి ఇంతసేపా?" అంది అత్త.

"తొందరపడితే మూడులా కనపడుతుందండి. అప్పుడు ఎవరి ఉత్తరమో ఎవరికో పోతుంది" అన్నాడాయన, తల తిప్పకుండానే.

ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పింది. మర్నాడూ చెప్పింది. ఆయన పని అయిపోయి వెళ్ళిపోయాక కూడా చెబుతూనే ఉంది. ఆవిడకి ఆయనంటే ఇష్టమని మా ఇంటి గోడలకి కూడా తెలిసిపోయింది. కొన్నాళ్ళకి ఆయనే వచ్చి, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడట. ఈవిడ అవుననలేదు, కాదనలేదు. "ముందు ఆదివారం మా ఇంటికొచ్చి మాతో ఆడండి. అప్పుడు చెప్తా" అంది. నలభై దాటిన మనిషి, మొదటిసారి ఒకరి కోసం అద్దం ముందు అంతసేపు నిలబడింది. అంటే ఆ ఆదివారం మా బల్ల మీద ఏం తేలబోతోందో అందరికీ తెలుసు.

ఆయన వచ్చాడు. మనిషి పొడుగు, మాట నెమ్మది, గోళ్ళ చివర నీలం రంగు. నేను తలుపు తీశానో లేదో, నాన్న వెనకనుంచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యివేసి పక్కకి తీసుకెళ్ళాడు. "మా చెల్లెలికి ఓడిపోతే ఆ రోజంతా పాడైపోతుందండి. కాస్త చూసీ చూడనట్టు ఆడండి. మీకే మంచిది" అన్నాడు గుసగుసగా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కలిసి బతికి చెల్లెలి గురించి ఇదా తెలుసుకుంది! చెప్పేద్దామనుకునేలోపు నాన్నమ్మ ముక్కలు పంచడం మొదలుపెట్టేసింది.

పెయింటరు వాచీ గిన్నెలో పడింది. ఆట మొదలైంది. నాలుగు మీద రాజు పడింది, రాజు మీద తొమ్మిది పడింది, తర్వాత రాణి మీద రాణి! ఫట్! అత్త చెయ్యి అడుగున. మళ్ళీ అయిదు మీద అయిదు. ఫట్! అత్త. మళ్ళీ అత్త. నాకు అర్థమైపోతూనే ఉంది. పెయింటరు చెయ్యి అందరికంటే ముందు లేస్తోంది, కట్టకి బెత్తెడు దూరంలో ఆగిపోతోంది. అత్త ముఖం చూశాను. ఎర్రబడింది. ఆసు మీద ఆసు పడింది. ఆయన చెయ్యి లేచింది, ఆగింది. అత్త కొట్టలేదు. తన చెయ్యి కూడా గాల్లోనే ఆపి ఆయన వంక చూసింది.

"కొట్టండి" అంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీకు ముందే కనపడింది. ఎందుకు కొట్టలేదు?"

"మీరే ముందనుకున్నానండి..."

అత్త ముక్కలన్నీ బల్ల మీద కుమ్మరించేసి లేచింది. "నాకు దయాధర్మం అక్కర్లేదండీ. మీ వాచీ గిన్నెలో ఉంది, తీసుకోండి" అంది. గిన్నెని ఆయన వైపు తోసింది.

ఆయన ముఖం పాలిపోయింది. అయినా నాన్న పేరు ఎత్తలేదు. "తప్పు నాదేనండి" అన్నాడు, అంతే. నాన్నేమో నేలచూపులు చూస్తున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఎప్పుడూ తిడుతుంది. ఆ రోజు అదే మంచిదైంది.

"ఆయన కాదత్తా! నాన్నే గుమ్మంలో ఆపి చెప్పాడు, చూసీ చూడనట్టు ఆడమని!"

అత్త అన్న వైపు తిరిగింది. కోపంతో అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఇంకా ఎన్నాళ్ళన్నయ్యా?" అంది మెల్లగా. దానికంటే అరిచినా బాగుండేది.

నాన్నమ్మ కళ్ళజోడు సర్దుకుని ముక్కలన్నీ దగ్గరికి లాక్కుంది. "ఏమే, ఆయన చేసింది తప్పే. మీ అన్న చెప్పింది ఇంకా పెద్ద తప్పు. కూర్చో. బాబూ, నువ్వూ కూర్చో. ఈసారి ఎవడి చెయ్యైనా గాల్లో ఆగిందంటే దాని మీద నేను కొడతా" అని మళ్ళీ పంచింది.

ఇక ఆ ఆట! ఇప్పటికీ తలుచుకుంటే నా అరచేతులు దురదపెడతాయి. పెయింటరు చొక్కా చేతులు పైకి మడిచాడు. చెయ్యి మామూలు చెయ్యే, కళ్ళు మాత్రం మామూలువి కావు. అంకెలు రాసి రాసి, ముక్క సగం తిరగకముందే, పై వంపు చూసి అదేమిటో పట్టేస్తున్నాడు. ఏడు మీద ఏడు. ఫట్! ఆయన చెయ్యి అడుగున, దాని మీద అత్త చెయ్యి, దాని మీద నాది. అత్త చెయ్యి తీసి ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఊఁ" అంది. ఆ ఊఁలో ఎంత ఆనందముందో! రెండు మీద రెండు. ఫట్! ఈసారి అత్త. టీ గ్లాసు దొర్లింది, ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ నవ్వి నవ్వి ముందే ఓడిపోయింది. తర్వాత నాన్న, తర్వాత నేను. నాన్నమ్మ జాకీ మీద రాజుని కొట్టి, జరిమానాకి ముక్క లేక, "ఈ కళ్ళజోడు పనికిమాలింది" అని తిడుతూ లేచింది. అడుగున ఎవరి చెయ్యి ఉందో చూడ్డానికి బల్ల మీదికి వంగి నిలబడింది.

ఇద్దరే మిగిలారు. తాడిని తన్నేవాడు ఒకడుంటే, వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడంటారు, ఆ ఇద్దరూ మా బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. జత పడదే! ఆరు, రాణి, మూడు, ఆసు. కట్ట జానెడు ఎత్తు పెరిగింది. ఇద్దరి ముందూ వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ముక్కలే మిగిలాయి. అత్త ఎడంచేత్తో ముక్క వేసింది, ఎనిమిది. ఆ చెయ్యి ఇంకా వెనక్కి వెళుతూనే ఉంది, పెయింటరు తన ముక్క తిప్పాడు. ముందు కనపడేది అత్తకే. మళ్ళీ ఎనిమిది!

ఫట్!

ఆయన చెయ్యి పైన ఉంది. అడుగున ఉన్నది అత్త చెయ్యి. కుడిచెయ్యి. రెండు వేళ్ళు నిటారుగా, వంగకుండా, కట్ట మీద పరుచుకుని ఉంది. రుమాలు నేలమీద పడి ఉంది. దాన్ని బయటికి రమ్మని పిలిచిందెవరో ఆవిడకే తెలియదు. తన చేతిని తనే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"అడుగున అమ్మాయిదే" అంది నాన్నమ్మ. అమ్మ చప్పట్లు కొట్టబోయింది. ఆ కట్ట వస్తే ఆట అత్తదే.

"ఫౌల్!"

అన్నది నాన్న. "చెయ్యి మార్చావు. ఎడంచేత్తో మొదలుపెట్టావు, కుడిచేత్తో కొట్టావు. ఫౌల్. కట్ట ఆయనది."

అత్త అన్న వైపు అలాగే చూస్తోంది. పెయింటరు నోరు తెరిచాడు. 'పర్వాలేదండి, వదిలెయ్యండి' అనే మాట ఆయన పెదాల దాకా వచ్చింది, నేను కళ్ళారా చూశాను. అత్త కూడా చూసింది. ఆయన ఆ మాట మింగేశాడు. రెండో చెయ్యి ఒళ్ళోంచి కదలకుండా, ఒక్క చేత్తోనే కట్టంతా దగ్గరికి లాక్కుని, అంచులు సరిచేసుకుని, "మీ వంతండి" అన్నాడు.

అత్త ఎడంచేత్తో మిగిలిన ముక్కలు ఒక్కొక్కటే వేసింది. ఒక్కటీ జత పడలేదు. ఆవిడ ముందు బల్ల ఖాళీ అయింది. ఓడిపోయింది.

తర్వాత అత్త నవ్వింది, పగలబడి, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. లేచి వెళ్ళి నాన్న వీపు మీద ఒక్కటిచ్చింది, కుడిచేత్తోనే. "ఇన్నాళ్ళకి నాతో ఆడావన్నయ్యా!" అంది. నాన్న తల వంచుకుని, ఆ చెయ్యి పట్టుకుని, ఆ రెండు వేళ్ళనీ కళ్ళకి అద్దుకున్నాడు. ఈసారి వదల్లేదు.

పెయింటరు గిన్నెలోంచి వాచీ తీసుకుని నిలబడ్డాడు. ఏం అడగాలో తెలియక, "వచ్చే ఆదివారం రమ్మంటారా?" అన్నాడు.

"ఆదివారానికి ఆదివారం అంటే నాకు ఆగదు" అంది అత్త. "ఈ బాకీ నేను రోజూ తీర్చుకోవాలి. దానికేం చెయ్యాలో మీరే ఆలోచించండి."

ఆయన అలవాటు ప్రకారం నిదానంగా ఆలోచించడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్ బాబూ, ఈ ఒక్కదానికైనా తొందరపడరా!" అంది నాన్నమ్మ.

అప్పుడు వెలిగింది ఆయనకి. చెవుల దాకా నవ్వుతూ చెయ్యి చాపి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. కన్ను మూసి తెరిచేలోపు అత్త కుడిచెయ్యి ఫట్‌మని దాని మీద పడింది.

నాన్న ఫౌల్ అనలేదు.