సగం బుటా

అరగంటకోసారి మగ్గం మీంచి లేచి నాలుగడుగులు నడవమని అనంతపురం డాక్టరమ్మ చెప్పింది. ఆమెనేం అనగలను? ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టిన మనిషి చీరలో మొదలుపెట్టిన పువ్వు బుటా పూర్తిచేయకుండా లేవదని ఆమెకెవరు చెబుతారు? మధ్యలో లేస్తే, తిరిగి కూర్చున్నాక పోగును బిగించే దెబ్బ మారి చీర మీద సన్నటి గీత పడుతుంది. నేత నేర్పిన మొదటిరోజే నాయన ఆ సంగతి చెప్పాడు. ఒక్కో బుటాకు గంట పైనే పడుతుంది. డాక్టరమ్మ సలహాను మందుచీటీతో పాటు మడిచి గూట్లో పెట్టేశాను.

అప్పటికి మూడు నెలలుగా నా మెడ నుంచి ఎడమ భుజం దాకా నరాన్ని ఎవరో మెలిపెడుతున్నట్టే ఉంది. చెయ్యి తల దాకా లేవడం లేదు. పక్కింటామె వచ్చి జడ వేసి పోయేది. నాయనకు మాత్రం తెలియనివ్వలేదు. ఆయన ఇదే మగ్గం మీద కూర్చుని కూర్చుని మెడ వంగిపోయి, గడ్డం గుండెలకు ఆని, ఇప్పుడు వసారాలో పట్టు దారం కండెలు చుడుతున్నాడు. ఇంట్లో నేసే చెయ్యి ఇక నాదొక్కటే. ఇదీ పడిపోతే? నలభై దాటిన దానికి వేరే పని ఎవరు నేర్పుతారు?

అప్పుడొక తెలివితక్కువ పని చేశాను. పాత చీర నాలుగు మడతలు పెట్టి, కూర్చునే చెక్క మీద ఎడమవైపు వేసుకున్నాను. ఒళ్లు కుడికి ఒరిగి భుజానికి కాస్త ఊరట దొరికింది. మూడు రోజులు అట్లాగే నేశాను. ఎవరికీ దొరకలేదని లోలోపల మురిసిపోయాను కూడా.

నాలుగోరోజు మధ్యాహ్నం నాయన కండెలు ఇవ్వడానికి వచ్చి, అలవాటుగా నేసిన బట్ట మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. ఒకచోట చెయ్యి ఆగింది.

"ఈడ నుంచి దెబ్బ సరిగ్గా పడల్యా పాపా. ఎడమ చెయ్యి నొస్తాండాదా?"

లేదన్నాను. ఆయన చెయ్యి చెక్క దాకా వచ్చి, మడత చీరను తడిమి చూసింది.

"నేనూ ఇట్లే మడత ఏసుకోని నేసినా. మీ అమ్మకు గూడా చెప్పల్యా" అన్నాడు. "ఇంక లెయ్."

"బుటా సగంలో ఉండాది నాయనా."

"ఉండనీ."

ఆ మాట ఆయన నోట ఏనాడూ వినలేదు. పోగు నడిపే నాడెను పక్కన పెట్టి, గుంటలోంచి కాళ్లు తీసుకుని, మగ్గం పట్టుకుని లేచాను. నాయన ముఖం చూడాలనిపించింది. నా తల ఎంత ఎత్తబోయినా, ఆయన తలలాగే, పైకి లేవలేదు. నాకు ఆయన పాదాలే కనిపించాయి. ఆయనకూ నావే కనిపించి ఉంటాయి.