గుమ్మానికి అవతల ఊపిరి

తవిటమ్మ తన అల్లుడితో ఏనాడూ ముఖాముఖి మాట్లాడలేదు. పెళ్ళయిన కొత్తలో మాట కాదు, మనవరాలు బడికి పోయే వయసొచ్చాక కూడా అంతే. వినోద్ గడప తొక్కితే చాలు, ఆమె చప్పున లేచి లోపలి గుమ్మం వెనక్కి పోయేది. అక్కడినుంచి కూతురు దుర్గాభవానిని మధ్యన పెట్టుకుని మాట్లాడేది.

"భవానీ, బాబు ఎండన పడొచ్చినాడు. మజ్జిగ తాగుతాడేటో అడుగు."

వినోద్ అక్కడే ఉండేవాడు, వినేవాడు. అయినా భవాని మళ్ళీ అడగాలి, అతను భవానికే జవాబు చెప్పాలి. భవాని ఇంట్లో లేనిరోజున తవిటమ్మ పెరట్లో మేకతో మాట్లాడేది. "ఒసే, బాబుకి సెప్పు, భవాని కుళాయి కాడికి ఎలిపోనాది, ఇప్పుడే వస్తాది." మేక చెవులు ఆడించేది. వినోద్ ఈ సంగతి స్నేహితులకి చెప్పి నవ్వించేవాడు. ఆ తీరాన పాతకాలం చేపల వాళ్ళలో అత్త అల్లుడికి ఎదురుపడదు. వినోద్ కూడా చేపల వాళ్ళ బిడ్డే, కానీ ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదివాడు. ఈ చాటుమాటు వ్యవహారమంతా అతనికి ఒక వేళాకోళం.

తవిటమ్మ భర్త లక్ష్ముడు సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి భవాని చంకలో పిల్ల. ఆనాటి నుంచి తవిటమ్మ నెత్తళ్ళు, కవ్వలు లాంటి చిన్న చేపలు ఇసకలో ఎండబెట్టి, గంపకెత్తి, బస్సెక్కి సాలూరు పోయి అమ్మేది. సాలూరు లారీల ఊరు. దూరం బండి తోలే డ్రైవర్లు, క్లీనర్లు దారిలో వండుకోవడానికి ఎండు చేపలు కొనుక్కుంటారు. అక్కడ ఆమె నోటికి హద్దు లేదు. "ఒరే, మీ ఆవిడ సేతి కూర మర్సిపోవాలంటే ఇవి అట్టుకెళ్ళు" అనేది. లారీ వాళ్ళు పడి పడి నవ్వేవాళ్ళు. అల్లుడి ముందు గుమ్మం చాటున దాక్కునే మనిషీ, ఆ మనిషీ ఒకరేనా అని ఒకసారి వినోద్ దూరంనుంచి చూసి ఆశ్చర్యపోయాడు.

ఆ సాలూరు ప్రయాణమే ఆమెకు కష్టమైపోయింది. ఇసక దాటి రోడ్డెక్కేలోగా గంప దించేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడేది. గుండెలోంచి పిల్లికూతలు. ఊళ్ళో మందులిచ్చే మనిషి ఉబ్బసం అని సూది వేసేవాడు, రెండు రోజులు తేలిగ్గా ఉండేది, మళ్ళీ మామూలే. ఒక ఏడు ఎవరో టీబీ అంటే లేని టీబీకి మందులు కూడా మింగింది. "సాలూరు పోకపోతే నానింకేటి సేస్తాను? గోడకి జేరబడి సూత్తూ కూకోడానికేటి?" అని భవాని దగ్గర ఏడ్చేది.

సరిగ్గా అప్పుడే డాక్టర్ అనూరాధ పరిశోధన మొదలైంది. ఆవిడ ఒక వైద్య కళాశాలలో ఊపిరితిత్తుల డాక్టరు. బీడీ ముట్టని ఆడవాళ్ళకి కూడా ఈ తీరంలో గాలి గొట్టాలు ఎందుకు సన్నబడిపోతున్నాయి, ఉబ్బసమనీ టీబీ అనీ పొరబడకుండా ముందుగా పసిగట్టడం ఎలా, ఏ పీల్చే మందు వీళ్ళకి బాగా పనిచేస్తుంది, ఇవీ ఆవిడ ప్రశ్నలు. పొయ్యి పొగ ఒక అనుమానం. అడ్డపొగ ఇంకొకటి. ఆ తీరపు ముసలమ్మలు చుట్ట నిప్పు కొసని నోటిలోపలికి పెట్టుకుని తాగుతారు. సముద్రం గాలికి ఆరదు, చేతుల పనికి అడ్డుపడదు. ఊపిరి పరీక్షలో జబ్బు తేలినవాళ్ళకి ఏళ్ళ తరబడి మందులూ, పరీక్షలూ ఉచితం. తేలాలంటే మాత్రం మిషను గొట్టంలోకి సరిగా ఊదాలి. ఊదకపోతే ఎవరినీ చేర్చుకోవడానికి వీల్లేదు.

ఆ మిషను దగ్గర ఉద్యోగం వినోద్‌ది. అత్తగారి ఊళ్ళో శిబిరం పెట్టించింది కూడా అతనే. తెల్ల కోటు వేసుకుని తుపాను షెల్టరు మెట్ల మీద నిలబడితే ఊరంతా చూసింది.

తవిటమ్మని భవాని బలవంతాన తీసుకొచ్చింది. ముఖానికి అడ్డంగా పమిట. కుర్చీలో కూర్చోమంటే అంచు మీద కూర్చుంది, తల గోడవైపు తిప్పుకుని.

"అమ్మా, అడ్డపొగ తాగుతారా?" అని డాక్టరమ్మ అడిగింది.

అంతకుముందు అడిగిన ముసలమ్మలంతా నవ్వుతూ "తాగుతాం తల్లీ, నీకూ ఒకటి సుట్టి ఇమ్మంటావేటి" అన్నవాళ్ళే. తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా."

వినోద్‌కి చిరాకేసింది. లెక్క తప్పు పోతే పరిశోధనే తప్పు పోతుంది కదా అనుకున్నాడు. "తాగుతాది మేడం. నాను సూళ్ళేదనుకుంటాది గానీ, ఇంటికెళ్తే వాసనొస్తాది. పన్నెండేళ్ళ నుంచీ తెలుసు" అన్నాడు నవ్వుతూ.

వెనక వరసలోంచి చిన్నతల్లి అనే పక్కింటి ముసలమ్మ అందుకుంది. "ఓసి నీ! అల్లుడొస్తే నోట్లో నిప్పు అలాగే మూసీసుకుని మూగదానిలా కూకున్నావు కదే ఆనాడు! నాలిక కాలి నాల్రోజులు గంజి తాగినావు!"

షెల్టరంతా గొల్లుమంది. తవిటమ్మ నవ్వలేదు. పమిట ఇంకాస్త కిందికి లాక్కుంది.

వినోద్ ఆమె ముక్కుకి క్లిప్పు పెట్టాడు. పెళ్ళయ్యాక ఆమె ముఖాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. "అత్తా, గట్టిగా గాలి పీల్సి, ఒక్కసారిగా ఊదాల. నాను ఆపమనేదాకా ఆపకూడదు. ఊదు... ఊదు... ఊదు! ఇంకా! ఇంకా ఇంకా ఇంకా!"

ఆమె సగంలో ఆపేసింది. మళ్ళీ చేయించాడు. మళ్ళీ సగంలోనే ఆపి, రెండు మోకాళ్ళూ దగ్గరికి నొక్కుకుంది.

"ఏటిది అత్తా! సాలూరులో అరుత్తావు కదా లారీలకి వినబడేలాగ. ఇక్కడేటి సిగ్గు? ఊదు!"

మూడోసారి ఆమె గొట్టం పెదాలకి ఆనించుకుందే గానీ ఊదనే లేదు. లేచి, క్లిప్పు తీసి బల్లమీద పెట్టి, ఎవరినీ చూడకుండా ఇసకలోకి నడిచిపోయింది.

డాక్టరమ్మ ముందు వినోద్ ముఖం ఎర్రబడింది. "మా అత్తే మేడం. చదువు లేదు, సహకరించదు" అన్నాడు. మిషను మీద 'సరిగా ఊదలేదు' అన్న మీట ఒకటి ఉంటుంది. అది నొక్కాడు.

సాయంత్రం ఇంటికొచ్చి భవాని మీద విరుచుకుపడ్డాడు. "మీ అమ్మ నా పరువు తీసీసింది. ఊరికోసం ఇంత సేస్తే, నా సొంత అత్తే ఊదనంటాదా?"

భవాని బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది.

"నీ పరువా?" అంది. "మా అమ్మ పొద్దుటి నుంచీ మంచినీళ్ళు ముట్టలేదు, తెలుసేటి? దగ్గొస్తేనే బట్ట తడిసిపోతాది దానికి. ఏళ్ళబట్టీ. గట్టిగా ఊదితే ఏటవుతాదో దానికి తెలుసు. ఆ కుర్సీలో, ఊరి ముందర, అల్లుడి కళ్ళ ముందర! నువ్వేమో ఊదు ఊదని తరుముతున్నావు, పందెంలో ఎద్దుని తోలినట్టు."

భవాని మళ్ళీ చేట అందుకుంది.

"బస్సులో కూడా సీటు మీద కూకోదు, కింద కూకుంటాది. ఎందుకనుకున్నావు? నాకూ సెప్పలేదు. ఎల్లినప్పుడల్లా దాని బట్టలుతుకుతాను కాబట్టి తెలిసింది."

అతను బయటికొచ్చి మోటారుసైకిలు మీద కూర్చున్నాడు, బండి తీయలేదు. ఒక్క తవిటమ్మే అయితే ఏదో ఒకలా సర్దుకునేవాడేమో. ఆ మీట నొక్కించుకున్న మిగతా ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్కరు. మోకాళ్ళు దగ్గరికి నొక్కుకున్న మనుషులు. కుర్చీలోంచి లేచేటప్పుడు చీర వెనక్కి లాక్కుని చూసుకున్న మనుషులు. అందరి మీదా అతను అరిచాడు. అందరి దగ్గరా నవ్వాడు. వాళ్ళంతా జబ్బుతోనే వెనక్కి పోయారు, వాళ్ళ పేరున అతను పెట్టిన గుర్తు ఒక్కటే: సరిగా ఊదలేదు.

మర్నాడు డాక్టర్ అనూరాధకి చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ విని కళ్ళజోడు తీసేసింది. "దగ్గేవాళ్ళకి అలా అవుతుందని పుస్తకంలో చదివాను వినోద్. ఆడదాన్ని అయ్యుండి కూడా ఈ కుర్చీ దగ్గర నాకు తట్టలేదు" అంది. ఆ తర్వాత ఊపిరి పరీక్షకి తలుపున్న గది, ముందు బాత్రూముకి పంపడం, వేసుకోవడానికి గుడ్డ, పక్కన ఆడమనిషి, ఇవన్నీ పద్ధతిలో చేరాయి. మీట నొక్కించుకున్న వాళ్ళందర్నీ మళ్ళీ పిలిచారు. కొందరు వచ్చారు. అందరూ రాలేదు.

తవిటమ్మ రాలేదు. "నన్ను సంపినా ఆ గడప తొక్కను" అంది. ఆ ఊరివాళ్ళని చేర్చుకునే గడువు దగ్గర పడుతోంది. వినోద్ చిన్న మిషనూ, ల్యాప్‌టాపూ పట్టుకుని అత్తగారింటికే వచ్చాడు. ఆమె అలవాటు ప్రకారం గుమ్మం వెనక్కి పోయింది. అతను ఈసారి రమ్మనలేదు. వసారాలో నేలమీద చతికిలబడి, గొట్టాన్ని, దాని తీగనీ భవాని చేతికిచ్చాడు. భవాని గుమ్మానికి పాత చీర ఒకటి అడ్డం కట్టి, లోపల గోనెసంచి పరిచింది. తీగ చీర కిందనుంచి లోపలికి పోయింది.

వినోద్ గొంతు సవరించుకున్నాడు. "భవానీ, అత్తకి సెప్పు. గట్టిగా గాలి పీల్సుకోమను."

పెళ్ళయిన ఇన్నేళ్ళకి అతను తనంతట తానుగా ఆమె పద్ధతిలో మాట్లాడటం అదే మొదలు.

"ఊదమను. ఆపొద్దను... బాగుంది... ఇంకొంచెం... ఇంకొంచెం..." మెల్లిగా, పసిపిల్లని నిద్రపుచ్చే గొంతుతో అన్నాడు. తెరమీద గీత లేచి, వంగి, సాగుతూ పోయింది. ఆమె ఆపలేదు. రెండోసారీ ఆపలేదు. మూడోసారి ఊదుతూ ఊదుతూ ఒక్కసారిగా దగ్గు తెరలో పడిపోయింది. గీత మాత్రం అప్పటికే పూర్తయింది.

ఆ ఇంటి నేల, కడిగిన నీళ్ళు బయటికి పోవాలని, వసారావైపు వాలుగా వేసిన నేల. దగ్గు ఇంకా ఆగకముందే సన్నటి తడి చీర కిందనుంచి వచ్చి, గడప పక్కన కాలవలోంచి జారి, వినోద్ కూర్చున్నచోటికి వస్తోంది. అతను చూశాడు. లోపల ఆమె కూడా ఆ తడి ఎటు పోతోందో చూస్తూ ఉంటుందని అతనికి తెలుసు. పక్కన తాగడానికి పెట్టిన మంచినీళ్ళ చెంబు ఉంది. కాలు చాపి తన్నేశాడు. చెంబు మోత చేస్తూ దొర్లింది, నీళ్ళు వసారా అంతా పారాయి.

"అయ్యో, సెంబు తన్నీసేను" అన్నాడు గట్టిగా.

దగ్గు ఆగాక లోపలినుంచి సన్నటి గొంతు వచ్చింది. "భవానీ. బాబు బట్టలు తడిసినాయేటో సూడు. తువ్వాలు ఇయ్యి."

ఆ గొంతు వినగానే వినోద్‌కి అర్థమైంది. ఆమె నమ్మలేదు. అతను దాచాడని కూడా ఆమెకు తెలిసిపోయింది. తన సిగ్గుని అల్లుడు దాచవలసి వచ్చిందనే రెండో సిగ్గొకటి ఆమెకి ఇచ్చాడు. తువ్వాలు తీసుకుని తల దించుకుని తుడుచుకున్నాడు.

జబ్బు తేలింది. గాలి గొట్టాలు బాగా సన్నబడిపోయి ఉన్నాయి. ఉబ్బసం కాదు, టీబీ అసలే కాదు. పీల్చే మందు ఇచ్చారు. దాన్ని కూడా ఆమె చుట్టలాగే పమిట చాటున, అటు తిరిగి పీల్చేది. పోయిన ఊపిరి తిరిగిరాదని డాక్టరమ్మ ముందే చెప్పింది, ఉన్నది నిలబడుతుందంతే. అయినా నెల తిరిగేసరికి సాలూరు బస్సెక్కింది. "ఇంకా బతికే ఉన్నావేటి అమ్మా?" అని ఒక డ్రైవరు అడిగితే, "నీకు ఎండు సేపలెవరు తెస్తారని ఆగినాన్రా" అందట. చుట్ట మానేశానని భవానికి చెప్పింది. వినోద్ ఆ సంగతి అడగలేదు. వాసన వచ్చినా రాకపోయినా, అత్తగారింటికి వచ్చే ముందు వీధి చివరే బండి హారను మోగించడం అలవాటు చేసుకున్నాడు.

కొన్నేళ్ళు అలా నడిచింది. ఒక వానాకాలంలో ముసురు పట్టి జలుబు చేసింది, అది లోపలికి దిగింది. శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేర్చారు. భవాని బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళిన మధ్యాహ్నం మంచం పక్కన వినోద్ ఒక్కడే ఉన్నాడు. తవిటమ్మ కళ్ళు తెరిచి అతన్ని చూసింది. లేచి పోవడానికి గుమ్మం లేదు. దుప్పటి లాగి, ఆక్సిజన్ మాస్కు మీదుగా ముఖం కప్పుకోబోయింది. మాస్కు పక్కకి జరిగిపోయింది.

నర్సు చూస్తే కేకలేసేది. వినోద్ కేక వెయ్యలేదు. మాస్కు సరిచేసి, తన స్టూలు తిప్పుకుని, ఆమెకు వీపు పెట్టి, గోడవైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ గదిలో భవాని లేదు, మేకా లేదు.

"అత్తకి సెప్పు" అన్నాడు గోడతో. "నాను సూడ్డం లేదు. గాలి నిండా పీల్సుకోమను."

వెనక దుప్పటి కదిలిన చప్పుడు. మాస్కులోంచి, ఒక్కొక్క మాటకీ ఊపిరి వెతుక్కుంటూ, ఆమె కూడా గోడకే చెప్పింది.

"బాబుకి సెప్పు... పొద్దుటి నుంచీ... ఏటీ తిన్లేదు... పోయి... తిని రమ్మను."

వినోద్ పోలేదు. భవాని వచ్చేదాకా గోడనే చూస్తూ, వెనక ఆ ఊపిరి వింటూ కూర్చున్నాడు. తర్వాత రెండు రోజులకి ఆమె పోయింది. ముఖం చూడటానికి అందరూ వరసగా వెళ్ళారు. అతను మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.