పొయ్యికి దమ్

నన్ను మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు కాపురానికి పంపేటప్పుడు మా నాయిన అత్తమ్మతో ఒకే ఒక్క మాటన్నాడు. "చెల్లె, నా బిడ్డ కండ్లల్ల నీళ్లు కనవడ్డయనుకో, గా పూటనే బండెక్కించుకొని తోల్కపోత." నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయన నవ్వుతూ అన్న మాటల మీదే గట్టిగా నిలబడే మనిషి. ఆ సంగతి అత్తమ్మకూ తెలుసు.

కాపురానికి వచ్చిన మర్నాటి నుంచే నా కళ్ల వెంట ధారగా నీళ్లు. అత్తమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు పాపం. అదంతా పొయ్యి నిర్వాకం.

వంటింట్లో గోడ వారగా ఎర్రమట్టితో వేసిన పొయ్యి అది. మూడు గుబ్బల మీద కుండ కూర్చుంటుంది, ముందున్న నోట్లోంచి కట్టెలు పెట్టాలి. ఎంత ఊదినా మంట లేచేది కాదు. పొగ మాత్రం వెనక్కి తిరిగి సరిగ్గా నా ముఖం మీదికే వచ్చేది. ప్రపంచ యుద్ధం, అదే లడాయి, నడుస్తున్న రోజులవి. దీపానికే గ్యాసునూనె దొరకడం లేదు, ఇక కట్టెల మీద పోసి అంటించే దర్జా ఎక్కడిది? ఊదుగొట్టంతో ఊదీ ఊదీ నా బుగ్గలు నొప్పి పెట్టేవి. పొగ వాసన కొట్టే ఆ అన్నాన్ని మా ఆయన నోరెత్తకుండా తినేవాడు. ఆ ఒక్క కారణానికే ఆయన మీద నాకు మనసు కుదిరింది. నిజం చెప్పాలంటే ఆ ఇల్లే నాకు నచ్చింది. అక్కడి నుంచి వెళ్లిపోవాలని నాకు లేదు.

అంతలో నాయిన శుక్రవారం వస్తున్నాడని కబురొచ్చింది. అత్తమ్మ నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పి చూసింది.

"కండ్లు పండుమిరపకాయల లెక్కున్నయి. మీ నాయిన సూస్తే నేను కొడ్తున్ననుకుంటడు."

"పొగ అని చెప్త అత్తమ్మా."

"ఏ కోడలైనా పొగ అనే చెప్తది పిల్లా. నమ్మెటోడెవడు?"

అది నిజమే కాబట్టి ఇద్దరం దిగులుగా కూర్చున్నాం.

మా పక్కింట్లో ఒక సాయిబుల కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడను నేను ఖాలా అని పిలిచేదాన్ని. పుట్టిల్లు అలియాబాద్. తెలుగూ ఉర్దూ కలిపి, రెండింటినీ హడావుడిగా మాట్లాడేది. ఆ రోజు గోడ మీంచి తొంగి చూసి, "మీ పొయ్యికి దమ్ లేదు అక్కా, జల్దీ దమ్ పెట్టుండ్రి" అంది. రొట్టె మాడుతోందంటూ అంతలోనే వెళ్లిపోయింది.

అత్తమ్మ ముఖం విప్పారింది. దమ్ అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు మరి. ఖాలా కూతురి పెళ్లిలో దగ్గరుండి చూసింది. బిర్యానీ దేక్సాకు మూతపెట్టి, చుట్టూ పిండి ముద్దతో సందు లేకుండా మూసి, మూత మీద నిప్పులు పోశారు. ఆవిరి పిసరంత కూడా బయటికి రాలేదు. దాన్నే దమ్ పెట్టడం అంటారని అప్పుడే తెలుసుకుంది.

సాయంత్రమంతా ఇద్దరం ఎర్రమట్టి పిసికాం. పొయ్యి మీద గుబ్బల మధ్య సందులు పూడ్చాం. పొయ్యి వెనక గోడలో ఉన్న కంతను మూసేశాం. కుండ పెట్టాక దాని చుట్టూ కూడా మెత్తాం. నాకు లోపల ఎక్కడో అనుమానంగానే ఉంది. కానీ కొత్త కోడలిని, అనుమానాలు పైకి చెప్పే హోదా ఇంకా రాలేదు.

మర్నాడు పొద్దున్న అంటించాను. అంతే, కాసేపటికి ఎదురుగా ఉన్న అత్తమ్మ కనిపించలేదు. దగ్గు మాత్రం వినిపించింది. ఇద్దరం చేతులు పట్టుకుని వాకిట్లోకి వచ్చిపడ్డాం. గూన పెంకుల సందుల్లోంచి పొగ లేస్తుంటే, ఇల్లు అంటుకుందనుకుని దారిన పోయేవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చారు. ఖాలా కూడా పరుగెత్తుకొచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికెళ్లి పొయ్యిని చూసింది. బయటికొచ్చి, గడప మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది.

"దమ్ అంటే ఊపిరి అక్కా. ఊపిరియ్యమన్న. మీరు దాని గొంతు పిసికిండ్రు."

"మరి దేక్సాకు పెట్టేదేంది?"

"గది భీ దమ్మే."

"ఒక్క మాటకు రెండర్థాలు పెట్టుకుంటె మేమెట్ల బతకాలె?" అంది అత్తమ్మ. కోపం రావలసిన చోట ఆమెకూ నవ్వొచ్చింది.

ఖాలా పాత కొడవలి తీసుకుని పొయ్యి ముందు కూర్చుంది. మేం మెత్తిన మట్టి ఊడదీశాక అసలు రోగం బయటపడింది. అత్తమ్మ ప్రతి శుక్రవారం పొయ్యిని ఎర్రమట్టితో అలికేది. ఆమె శుభ్రత గురించి వాడంతా చెప్పుకునేవారు. అలికీ అలికీ ఆ పూతలు పొర మీద పొరగా పేరుకుని పొయ్యి నోరు ఇరుకైపోయింది, గుబ్బలు దాదాపు మునిగిపోయాయి, కుండ పొయ్యి అంచుకు అతుక్కుని కూర్చుంటోంది. మంటకు గాలి లేదు, పొగకు దారి లేదు. ఖాలా పొరలు గీకుతుంటే అత్తమ్మ చిన్నబోయిన ముఖంతో చూస్తూ నిలబడింది. ఏళ్ల తరబడి పడిన కష్టమంతా పెంకులుగా రాలిపోతుంటే ఎవరికైనా బాధే కదా. నాకు జాలేసింది.

లోపలి నుంచి పాత పొయ్యి బయటికొచ్చింది. గుబ్బలు మళ్లీ ఎత్తు చేశాం, కుండ కింద రెండు వేళ్లు పట్టేంత సందు వచ్చేలా. బూడిద ఎత్తిపోసి, గోడలో కంత తెరిచాం. మా ఆయన ఇంటి మీదికెక్కి రెండు పెంకులు జరిపాడు. మట్టి ఆరాక ఖాలా ఒక కందికట్టె అంటించి పొయ్యి నోటి దగ్గర పట్టుకుంది. దాని పొగ నా వైపు రాకుండా లోపలికి వంగింది.

"గిదీ దమ్" అంది.

శుక్రవారం నాయిన వచ్చాడు. వియ్యంకుణ్ణి ఎవరైనా వసారాలో కూర్చోబెడతారు. అత్తమ్మ ఆయనకు వంటింటి గడప ముందే పీట వేసింది. "సూడు అన్నా, పొగ అనేదే లేదు" అని మూడుసార్లు చెప్పింది. నాయిన పొయ్యిని చూశాడు, నా కళ్లు చూశాడు. కోడికూరతో నాలుగు జొన్నరొట్టెలు తిన్నాడు.

పొద్దు వాలుతుండగా తువ్వాల భుజాన వేసుకుని నా తల మీద చెయ్యి పెట్టాడు. "పోయొస్త బిడ్డా" అన్నాడు. నన్ను తీసుకుపోవడానికి ఆయనకు ఒక్క వంకా దొరకలేదని అప్పుడు తట్టింది. వచ్చిన బండిలో ఒంటరిగా వెళ్తాడు. నేను కోరుకున్నదే అది. అయినా కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి, ఆపుకోలేకపోయాను.

"పొగ, నాయినా" అన్నాను.

ఇంట్లో పిసరంత పొగ లేదు. నాయిన పొయ్యి వైపు చూసి, అత్తమ్మ వైపు చూశాడు. అత్తమ్మ చప్పున బయటికెళ్లింది. వాకిట్లో వానకు తడిసిన తుమ్మకట్టె ఒకటి తెచ్చి పొయ్యిలో కుక్కింది. క్షణంలో వంటిల్లంతా పొగ కమ్ముకుంది.

"కట్టెలు పచ్చియి అన్నా, ఏం జెయ్యాలె" అంటూ తన కళ్లు కూడా కొంగుతో ఒత్తుకుంది.

నాయిన ఆ పొగలో కాసేపు నిలబడి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "అవును చెల్లె, పొగ మస్తుగున్నది" అని వెళ్లి బండెక్కాడు.

బండి మలుపు తిరగగానే అత్తమ్మ ఆ కట్టెను బయటికి లాగి నీళ్లు చల్లింది. "నీ ఏడ్పు పాడుగాను, బంగారమసోంటి పొయ్యిల పచ్చికట్టె పెట్టిస్తివి" అని నన్ను తిట్టింది. ఆ ఇంట్లో నేను తిన్న మొదటి తిట్టు అదే.