మీగడ కట్టిన టీ

సబ్బుల ఫ్యాక్టరీలో చల్లారన్న అంటే తెలియనివాళ్ళు లేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ముద్ర మిషను దగ్గర నిలబడి, కాలితో పెడలు తొక్కుతూ, పచ్చి సబ్బుబిళ్ళల మీద కంపెనీ గుర్తు కొట్టడం అతని ఉద్యోగం. షిఫ్టు దిగాక బాయిలరు పక్కనున్న బ్యాండు గదికి వెళ్ళి పెద్ద డ్రమ్ము కొట్టడం అతని శిక్ష. శిక్ష అనుకున్నది అతనొక్కడే. మిగతా అందరూ ఆ డ్రమ్ము అతని కోసమే పుట్టిందనుకునేవారు.

పేరు సంగతి చెప్పాలంటే ముందు బ్యాండు మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన తూకాల సెక్షనులో గుమాస్తా. క్లారినెట్టు నోట్లో పెట్టుకున్నాడంటే మాత్రం మహారాజే, ఆ మాట కాదనడానికి లేదు. ఆ మహారాజుకి ఒక పిచ్చి ఉండేది. ఎవడు సంగీతం ఎలా నేర్చుకుంటాడో వాడి స్వభావమే చెబుతుందట, ఆ స్వభావం ఒక గ్లాసు టీలో తేలిపోతుందట. బ్యాండులో చేరతానని ఎవరొచ్చినా పాడమనేవారు కాదు, తాళం వెయ్యమనేవారు కాదు. స్టవ్వు మీద టీ మరిగించి, పొగలు కక్కే గ్లాసు ముందు పెట్టి, చేతులు కట్టుకుని చూసేవారు. అందుకోగానే గొంతులో పోసుకునేవాడికి బాకా. వాడు పాటను కూడా ఒక్క గుక్కలో తాగేస్తాడు, తప్పులు పోతే పోనీ అంటాడు, వాడికి గట్టిగా మోగేదే కావాలి. ఊదుకుంటూ కొద్దికొద్దిగా తాగేవాడికి క్లారినెట్టు. వాడు ఒక ముక్క నోటికి పట్టేదాకా రెండో ముక్క జోలికి పోడు. ఇక చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాడికి డ్రమ్ము. వాడికి తొందర లేదు, ఆశ లేదు, నిలబెట్టిన చోట నిలబడతాడు.

మనవాడు మీసాలు సరిగ్గా రాని వయసులో క్లారినెట్టు కోసమే ఆ గదిలో అడుగు పెట్టాడు. ఫ్యాక్టరీ గోడ అవతలి ఇంట్లో పుట్టి పెరిగినవాడు. సాయంత్రమయ్యేసరికి గోడ దాటి వచ్చే ఆ పాట వింటూ అన్నం తిన్నవాడు. మాస్టారు టీ పెట్టారు. తన గ్లాసు కూడా పక్కన పెట్టుకున్నారు. పెద్దవాళ్ళు ఎత్తకుండా నువ్వు ఎత్తకూడదని ఇంట్లో తండ్రి చెవులు మెలేసి నేర్పిన పాఠం. ఆయన ఎత్తితే ఎత్తుదామని వీడు చూస్తున్నాడు. వీడేం చేస్తాడోనని ఆయన చూస్తున్నారు. చూసుకుంటూ చూసుకుంటూ ఉండగా టీ మీద మీగడ కట్టింది. మాస్టారు తొడ చరిచి, "దొరికాడయ్యా మన డ్రమ్ము" అన్నారు. గదంతా నవ్వింది. ఆ నవ్వులోంచే ఎవడో చల్లారన్న అన్నాడు. అది అంటుకుంది, మళ్ళీ వదల్లేదు.

అప్పుడే నోరు తెరిచి, మర్యాద కోసం ఆగానండీ అని ఉంటే గొడవే లేదు. తెరవలేదు. తరవాత తెరిచాడు. మాస్టారు భుజం తట్టి, నీ స్వభావం నీకేం తెలుసు నాయనా, నేను చూశానుగా అన్నారు. అంతటితో ఆ కేసు కొట్టేశారు.

నిజానికి అతనికి ముక్కుమీద కోపం. టీ దగ్గర కాదు గానీ మిగతా అన్ని చోట్లా మరిగే రకమే. ఒకరోజు మాస్టారు గదిలో లేరు కదా అని ఆయన క్లారినెట్టు తీసి ఊదాడు. అది కీచుమంది. అందరూ పగలబడి నవ్వుతుండగా మాస్టారు లోపలికి వచ్చారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వాయిద్యం అతని చేతిలోంచి తీసుకుని, జేబురుమాలుతో దాని మూతి తుడిచారు. ఒకసారి తుడిచి, దీపం కింద పట్టుకుని చూసి, మళ్ళీ తుడిచారు. ఆ రెండోసారి తుడవడం ఉందే, అది అతని గుండెలో దిగబడిపోయింది. ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాంతోనూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి డ్రమ్ము నేర్చుకున్నాడు. ఎలా నేర్చుకున్నాడో వినండి. కర్ర ఎత్తిన ప్రతిసారీ ఎదుట తోలు కనపడేది కాదు, మాస్టారి బట్టతల కనపడేది. దాని మీద కొట్టేవాడు. ఒక దెబ్బ ఎక్కువైతే దొరికిపోతాడు, ఒక దెబ్బ తక్కువైతే కసి తీరదు. అందుకని కొలిచినట్టు కొట్టేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క దెబ్బ అటూ ఇటూ కాలేదు. మాస్టారు కొత్తవాళ్ళకు అతన్ని చూపించి, ఓర్పంటే ఇదిరా, ఇలాంటివాడికి నేర్పక్కర్లేదు, ఊరికే నిలబెడితే చాలు అనేవారు. అతను తల వంచుకుని పళ్ళు నూరేవాడు. పళ్ళు నూరడం కూడా తాళంలోనే.

ఇలా జుట్టు నెరిసింది. కూతురు చదువు ముగించి అదే ఫ్యాక్టరీలో ప్యాకింగు సెక్షనులో చేరింది. బ్యాండులో చేరతానంది. తనకు అందనిది పిల్లకైనా అందాలని తండ్రి నడుం కట్టాడు. అయితే ఆ పిల్ల పొయ్యి మీంచి దింపిన టీ దింపినట్టే తాగే రకం. చిన్నప్పటి నుంచి నాలుక కాలని రోజు లేదు. వదిలేస్తే బాకా ఖాయం. అందుకని ఇంట్లో వారం రోజులు టీ పాఠం నడిచింది. వెంటనే తాగకు, అలాగని వదిలెయ్యకు, ఊదు, చిన్న గుటక వెయ్యి, మళ్ళీ ఊదు అంటూ ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఇంట్లో చక్కెర డబ్బా ఖాళీ అయింది. పరీక్షలకైనా మీరు దాన్ని ఇలా కూర్చోబెట్టి చదివించారా అని భార్య దెప్పింది.

పిల్ల గట్టెక్కింది. క్లారినెట్టు చేతికొచ్చింది. తండ్రికి ఆ రాత్రి అన్నం రుచిగా తెలిసింది. ఇక్కడితో అయిపోతే ఈ కథ ఎవరు చెబుతారు?

మాస్టారు అమ్మాయికి అలవాటు ప్రకారం ముక్కముక్కగా పాఠం మొదలుపెట్టారు. ఒక్క ముక్కా ఎక్కలేదు. అదే పాట మొత్తం ఒకసారి వినిపిస్తే మాత్రం, తప్పులతో సహా చివరిదాకా లాక్కుపోయి, రొప్పుతూ నవ్వేది. కొన్నాళ్ళు చూసి మాస్టారు, టీ దగ్గర నీకెవరో పాఠం చెప్పారు కదూ అని నిలదీశారు. ఆమె నవ్వి ఒప్పేసుకుంది. ఆయనా నవ్వారు. బాకా చేతికివ్వలేదు, పద్ధతే మార్చారు. ముందు పాటంతా పరిగెత్తించి, తరవాత వెనక్కి తీసుకొచ్చి తప్పులు ఏరించేవారు. ఇక ఆ పిల్లకి పట్టపగ్గాల్లేవు. ఏడాది తిరిగేసరికి మాస్టారి పక్క కుర్చీలో కూర్చుంది.

ఈ ముచ్చటంతా ఒకరోజు భోజనాల దగ్గర తల్లికి చెప్పింది. "మాస్టారేమన్నారో తెలుసా అమ్మా? ఒక్కసారి చూసి మనిషిని తేల్చెయ్యకూడదట. రెండోసారి చూడాలట."

చల్లారన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లని రెండోసారి చూడటానికి ఆ పెద్దమనిషికి కొన్నాళ్ళు సరిపోయాయి. తనని చూడటానికి ఒక జీవితం చాలలేదు. ఎదురుగా నిలబడి, ఆయన పాట కింద ఇన్నేళ్ళు మోగితే, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తల తిప్పి చూడలేదు. అప్పటిదాకా అది బాధ. ఆ ముద్ద దగ్గర అది పగ అయింది. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

పగ తీర్చుకునే రోజు దానంతటదే వచ్చింది. మాస్టారి రిటైర్మెంటు సభ. ఆయన పేరు మోగించిన పాట ఒకటుంది, దాన్ని ఆఖరిసారి వాయిస్తారు. చివరి భాగంలో బ్యాండంతా ఆగిపోతుంది, క్లారినెట్టూ పెద్ద డ్రమ్మూ మాత్రమే మిగులుతాయి, నడక జోరందుకుంటుంది. ఎంత జోరు అన్నది మాస్టారు గడ్డం ఊపి చూపిస్తారు, డ్రమ్ము ఆ గడ్డాన్ని చూసి కొట్టాలి. ఆయన ఇప్పుడు ముసలివాడు. పెట్టుడు పళ్ళు, చాలని ఊపిరి. రిహార్సల్సులో ఆ భాగం బాగా నెమ్మదించారు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. చల్లారన్న ఎంత నెమ్మది అడిగితే అంత నెమ్మదిగా, పసిపిల్లని జోకొట్టినట్టు కొట్టాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకుని, నువ్వు ఉండబట్టి నాకు ధైర్యం అన్నారు. ఆ మాటకైనా మనసు కరగాలి కదా? కరగలేదు. సభ రోజున ఆ గడ్డం వైపు చూడకూడదు, అంతే, అని అప్పటికే తేల్చుకున్నాడు.

ఫ్యాక్టరీ హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో మేనేజరు, ఆ పక్కన మాస్టారి భార్య, మనవలు. పాట చివరి భాగానికి వచ్చింది. బ్యాండు ఆగింది. చల్లారన్న చూపు పైకెత్తి, తిరుగుతున్న ఫ్యాను మీద పెట్టాడు. కర్ర జోరు కొంచెం పెంచాడు. ఎవరికీ తెలియనంత. మాస్టారికి తెలిసింది. గడ్డం ఊపారు. అతను ఫ్యాను చూస్తున్నాడు. ఇంకొంచెం పెంచాడు. మాస్టారి వేళ్ళు అందుకున్నాయి, వేళ్ళకేం, జీవితమంతా చేసిన పని. ఊపిరి అందలేదు. ఇంకొంచెం. క్లారినెట్టు కీచుమంది.

అదే కీచు. ఆనాడు తన నోట్లోంచి వచ్చినదే. హాల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. చల్లారన్న ఒళ్ళంతా చల్లబడినట్టయింది, ఎన్నాళ్ళ ఆకలో తీరినట్టయింది. అక్కడ ఆగిపోవచ్చు. ఆగలేదు. తుడువు, ఇప్పుడు తుడువు అనుకుంటూ ఇంకా జోరు పెంచాడు. మాస్టారి మొహం నల్లబడింది. పెదవులు వణికాయి. క్లారినెట్టు నోట్లోంచి జారి గుండెల మీదికి వచ్చింది. హాల్లో ఒక్క డ్రమ్ము మాత్రమే మోగుతోంది.

అప్పుడు పక్క కుర్చీలోంచి అతని కూతురు లేచింది. పాట తెగిన చోటే అందుకుంది. ఆ వేగం ఇంకొకరినైతే ముంచేసేది, ఈమెకి అది పొయ్యి మీంచి దింపిన టీ. ఒక్క గుక్కలో లాగేసింది. లాగడమే కాదు, తండ్రిని దాటింది. ఇప్పుడు ఆమె ముందు, డ్రమ్ము వెనక. కొట్టిన కర్ర మీదికి లేవకముందే ఆమె తరవాతి ముక్కలో ఉంది. అతని భుజం పీక్కుపోయింది, చెమట కళ్ళలోకి కారింది, ఫ్యాను ఎక్కడుందో కనపడలేదు. ఆమె ఒక్కసారీ తిరిగి చూడలేదు. పాట ముగిసేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది.

అందరూ అది ముందే అనుకుని చేశారనుకున్నారు. గురువు ఆగిన చోట శిష్యురాలు అందుకోవడం! మేనేజరు మైకు పట్టుకుని, ఇంతకంటే గొప్పగా బాధ్యత అప్పగించడం తన జీవితంలో చూడలేదన్నాడు. మాస్టారి భార్య కళ్ళు ఒత్తుకుంది. మాస్టారు కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుని, తన క్లారినెట్టు ఆ పిల్ల చేతిలో పెట్టి, రేపటి నుంచి బ్యాండు నీదే అన్నారు. పక్క సెక్షనువాడొకడు వచ్చి చల్లారన్న వీపు చరిచి, ఏం ఊపు అన్నా, మాస్టారిని మించి నిన్నే చూశాం అన్నాడు. పుండు మీద కారం ఇంతకంటే ఎవరు చల్లగలరు? పడగొడదామనుకున్న మనిషిని తన చేతులతోనే అందలం ఎక్కించాడు.

స్టేజీ దిగుతూ మాస్టారు అతని ముందు ఆగారు. చూశారు. తల నుంచి చేతిలో కర్ర దాకా, నింపాదిగా చూశారు. జీవితమంతా ఎదురుచూసిన ఆ రెండో చూపు అప్పుడు దొరికింది. అందులో కోపం లేదు. ఇంతకాలం తను చూడనిదేదో ఇప్పుడు కనపడిందన్నట్టుగా ఉంది. చల్లారన్న ఆ చూపు ముందు నిలబడలేక తోలు బిగుతు చూస్తున్నట్టు డ్రమ్ము మీదికి వంగాడు. ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడు షిఫ్టు దిగి బ్యాండు గదికి వెళ్ళేసరికి కూతురు ఒక్కతే ఉంది. ఇంటి దగ్గర ముందురోజు నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. స్టవ్వు మీద టీ మరుగుతోంది. రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి తండ్రి ముందు పెట్టి, ఒకటి తన ముందు పెట్టుకుంది.

"ఆయనకి ఊపిరి అందలేదు నాన్నా. మొహం నల్లబడిపోయింది. నువ్వు ఫ్యాను చూస్తున్నావు."

గ్లాసు పొగ మధ్యలో ఉంది. మూతి తుడిచిన రుమాలు గురించి చెబుదామనుకున్నాడు. దీపం కింద పట్టుకుని చూసి రెండోసారి తుడిచిన సంగతి చెబుదామనుకున్నాడు. ఇన్నేళ్ళు లోపల ఉడికిన ఆ మాట నాలుక మీదికి వచ్చేసరికి, ఊపిరాడని ముసలాయన పక్కన పెట్టి చూస్తే మరీ చిన్నదిగా కనపడింది. మింగేశాడు.

"రేపటి నుంచి నా గడ్డం చూసి కొట్టు. చూడలేనంటే ఇప్పుడే చెప్పు, డ్రమ్ము ఇంకొకళ్ళకిస్తాను."

శిక్ష అనుకున్న డ్రమ్ము. ఎప్పుడు వదులుతుందా అని తిట్టుకున్న డ్రమ్ము. దాన్ని ఇంకొకళ్ళకిస్తాననేసరికి అతని గుండెల్లో రాయి పడింది. అది తప్ప తన దగ్గర ఇంకేమీ లేదని అప్పుడు తెలిసింది.

"చూస్తాను" అన్నాడు. ఆ తరవాత, కూతురితో ఎన్నడూ అనని మాట, "చూస్తానమ్మా, తియ్యొద్దు" అన్నాడు.

ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక టీ ఎదురుగా పెట్టుకుని ఆమె అలా ఊరుకోవడం అతను చూడలేదు. ఆమె ఎత్తితే ఎత్తుదామని అతను చూస్తున్నాడు. ఆమె గ్లాసు ఎత్తలేదు. బాయిలరు అవతల రెండో షిఫ్టు మిషన్లు మొదలయ్యాయి. పొగ తగ్గింది, ఆగిపోయింది, టీ మీద నెమ్మదిగా మీగడ కట్టింది.