శత్రువు చూపిన జాలి

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నా ఒక్కడి బరువే అయితే చచ్చేదాకా నోరు మెదిపేవాణ్ణి కాను. కానీ దాన్ని నమ్ముకుని ఒకడు ఇవాళ సరిహద్దు దగ్గర యుద్ధవిమానం నడుపుతున్నాడు. అందుకే భయం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

నేను వైమానిక దళంలో పైలట్‌గా పనిచేశాను. చివరి కొన్నేళ్లు నా పని శత్రువుగా ఉండటం. నవ్వకండి, అది నిజంగానే ఉద్యోగం. అవతలి పైలట్ ఎలా ఆలోచిస్తాడో, ఎంత దూరం నుంచి క్షిపణి వదులుతాడో, ఎలా దాక్కుంటాడో నేర్చుకుని, అచ్చం వాడిలాగే మన కుర్రాళ్ల మీదికి వెళ్లాలి. క్షిపణులు ఉత్తుత్తివే, ఓటమి మాత్రం నిజం. జాలి చూపకూడదు. ఇక్కడ చూపిన జాలి రేపు అక్కడ ప్రాణం తీస్తుందని వాళ్లకు పాఠం చెప్పింది నేనే.

నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాచ్‌లో ఒకడు మా వైపువాడు. రఘునాథపల్లి దగ్గర పల్లె. తల్లి కూలికి వెళ్లి చదివించింది. అంత హిందీ, ఇంగ్లిష్ మధ్య మేమిద్దరమే మన మాటలు మాట్లాడుకునేవాళ్లం. నలుగురిలో సార్ అనేవాడు, ఇద్దరమే ఉంటే అన్నా అనేవాడు. ఆ పిలుపు నాకు బాగా అలవాటైపోయింది.

వాడికి ఒక్కటే పట్టుబడలేదు. నేను రాడార్ ఆపేసి, కొండల చాటున కిందుగా వచ్చి వెనక నుంచి కొడితే, కనిపెట్టలేకపోయేవాడు. ఇంకోసారి ఓడితే యుద్ధవిమానాల నుంచి తీసేసి సరుకులు మోసే విమానాలకు పంపేస్తారు. ఆ ఆఖరి పరీక్ష రోజు పొద్దున వాడి మొహం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

గాల్లోకి లేచాం. ఎప్పటిలాగే వాడి వెనక్కి చేరాను, ఎప్పటిలాగే వాడికి తెలియదు. అప్పుడు, ఇంకా దూరంగా ఉండగానే, నా రాడార్ ఆన్ చేశాను. చీకట్లో దాక్కున్నవాడు తన మొహం మీద తనే టార్చి వేసుకున్నట్టు. వాడి విమానంలో హెచ్చరిక మోగింది. గిర్రున తిరిగి నన్ను కొట్టాడు. గెలిచాడు.

కిందికి దిగాక మాకొక ఆచారం ఉంది. గదిలో కూర్చుని, హోదాలు పక్కన పెట్టి, ఎవరి తప్పు వాళ్లే ముందుగా చెప్పుకోవాలి. నేను లేచి, తొందరపడి రాడార్ ఆన్ చేశాను, నా అంచనా తప్పింది అన్నాను. చిన్నవాడి ముందు తప్పు ఒప్పుకున్నానని అందరూ మెచ్చుకున్నారు. తప్పులు ఒప్పుకునే గదిలో, ఒప్పుకోవడాన్నే అబద్ధానికి వాడుకున్నాను. ఇంతకంటే దిగజారగలనా?

దిగజారాను. బయటికి రాగానే వాడు నన్ను ఆపాడు.

"అన్నా, నిజం జెప్పు. అంచనా తప్పిందా, నా కోసం కావాల్నని ఆన్ జేసినవా?"

"నాకేం గరజు తమ్మీ, నీ కోసం ఎందుకు ఆన్ జేస్త? నువ్వు రెడీగ ఉన్నవ్, పట్టినవ్."

"ఒట్టేనా?"

"ఒట్టు. ఇగ ఫికర్ జెయ్యకు."

వాడు అడిగాడు. అదే నన్ను తినేస్తోంది. వాడికి అనుమానం వచ్చింది, దాన్ని నా చేత్తోనే చంపేశాను. జాలేనా అది? వాడి తల్లి కష్టం గుర్తొచ్చిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదేమో. వాడు వెళ్లిపోతే నన్ను అన్నా అని పిలిచేవాడు ఉండడనేమో.

రిటైరై కాశిబుగ్గలో ఉంటున్నాను. ఒక ఆదివారం వాడి తల్లి పనిగట్టుకుని మా చర్చికి వచ్చింది. అందరి ముందు నిలబడి, దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకుంటూ సాక్ష్యం చెప్పింది. "మా పోరని ఫికర్ నాకు లేదు. ఈ సారు నేర్పిండు," అంది. నేను తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి టీవీలో సరిహద్దు మాట వినబడితే చాలు, ఆపేస్తున్నాను.

పోయిన వారం వాడు ఫోన్ చేశాడు. ఇప్పుడు అక్కడికి వచ్చే కొత్తవాళ్లకు తనే నేర్పుతున్నాడట. రాడార్ ఆపుకుని వచ్చేవాడు ఎక్కువసేపు ఉండబట్టలేడనీ, ఎప్పుడో ఒకసారి ఆన్ చేస్తాడనీ, అందాకా ఓపిక పట్టమనీ చెబుతున్నాడట. తన అనుభవమట.

నిజం చెబితే? తన మీద తనకే అనుమానంతో ఎగిరేవాడు ఆ వేగంలో బతుకుతాడా? చెప్పకపోతే, వాడితో పాటు వాడి దగ్గర నేర్చుకునే పిల్లలూ పోతారు. ఎటు చూసినా భయమే. నంబర్ తీస్తున్నాను, పెట్టేస్తున్నాను. వాడికి చెప్పే ధైర్యం రేపు వస్తుందో లేదో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

ఈ మాట రాస్తుంటే ఇన్నేళ్లకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. తమ్మీ, ఆ రోజు నువ్వు నన్ను పట్టలేదు. కావాలనే దొరికాను. నిజమైన శత్రువు దొరకడు.