బుగ్గ మీది పసుపురంగు

“అత్తా, పాప మళ్ళీ పచ్చబడుతోంది. కామెర్లు తిరగబెట్టాయేమో!”

గడప దాటకముందే అనేశాడు. చేతుల్లో మూడువారాల కూతురు. అతను రసాయనాల ల్యాబులో పనిచేస్తాడు, అంకెలంటే గురి. నిన్నటి రక్తపరీక్షలో అంకె బాగానే వచ్చింది, డాక్టరు భయం లేదన్నాడు కూడా. అయినా పొద్దున్నుంచి పాప ముఖం చూసినప్పుడల్లా పచ్చగానే కనిపిస్తోంది.

అతని మేనత్తను వీధిలో అందరూ రంగులత్త అంటారు. దర్జీ కొట్టు మీది గదిలో ముప్పై ఏళ్ళుగా మనుషుల బొమ్మలు వేస్తోంది. మొదట ఫోటో స్టూడియోలో ముఖాల మీది మచ్చలు చెరిపే పనిలో ఉండేది. మచ్చలు పోయాక ముఖాలన్నీ ఒకేలా ఉంటున్నాయని విసుగెత్తి కుంచె పట్టింది. చర్మం రంగు అని రాసిన ట్యూబు ఇంతవరకు కొనలేదు. “ట్యూబులోంచి పుట్టినవాణ్ణి తీసుకురండి, వాడికి వేస్తాను” అంటుంది.

ఇవాళ తండ్రీకూతుళ్ళ బొమ్మ మొదలుపెట్టాలి. అతన్ని పాపతో కూర్చోబెట్టి, ప్యాలెట్టు మీద తెలుపు, ఎరుపు పెట్టింది. పక్కనే పసుపు పిండింది.

“చూశావా! నీకూ పసుపే కనపడింది!”

“ఒరేయ్ సైంటిస్టూ, పసుపు లేకుండా ఎవరి ఒంటిరంగు వస్తుందిరా? ఇదిగో, కాస్త నీలం కూడా వేస్తున్నా. అంబులెన్సును పిలిచేవు!”

కలిపిన రంగును చిన్న కత్తి కొసన తీసి పాప బుగ్గ పక్కన పట్టి చూసింది. కుదరలేదు. ఇంకాస్త పసుపు కలిపింది. ఉన్నట్టుండి కత్తి పక్కన పెట్టేసింది.

“ఆ స్వెట్టరు విప్పు.”

“చలేస్తోంది అత్తా, పొద్దున్నుంచీ...”

“పొద్దున్నుంచీ ఇదేనా? బాగుంది!”

అతను వేసుకున్నది నిమ్మపండు రంగు స్వెట్టరు. బట్టల రంగు ముఖం మీదికి పాకుతుందని, బొమ్మకు కూర్చునేవాళ్ళందరికీ ఆమె భుజాల మీద తెల్లదుప్పటి కప్పుతుంది. ఇతని కంగారులో ఆ సంగతే మరిచిపోయింది. స్వెట్టరు కుర్చీ మీదికి పోయింది, దుప్పటి వచ్చింది. పాప బుగ్గలు గులాబీరంగుకు తిరిగాయి, చెవి తమ్మెల దగ్గర కాస్త ఎరుపు.

ల్యాబులో రంగు చూసే ప్రతిసారీ గాజుగొట్టం వెనక తెల్లకాగితం పెట్టేది అతనే. పాప కదిలేంత గట్టిగా నవ్వాడు.

మెట్లు దిగేముందు అత్త చెప్పిన మాటనే ఇప్పుడు రోజూ పాటిస్తున్నాడు:

“పగటి వెలుగులో, కిటికీ దగ్గర, తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి ఒక్కసారి చూడు. అప్పుడూ పచ్చగా ఉంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తు, నా దగ్గరికి కాదు. లేదంటే ముద్దుపెట్టుకుని పనికి పో.”