పేరున్న చోటు నుంచి నన్ను తీసుకొచ్చిన అత్తయ్య

గత శుక్రవారం పొద్దున మా మేనత్త కన్నుమూసింది. నాన్న ఫోన్ చేసినప్పుడు నేను అబూధాబీలో మా ల్యాబ్‌కు వెళ్ళే బస్సులో ఉన్నాను.

"అమ్మలూ, అక్క వెళ్ళిపోయిందే. టీ తాగి, కప్పు పక్కన పెట్టి, అలాగే కుర్చీలో కళ్ళు మూసుకుంది. నొప్పీ గిప్పీ ఏం లేదు," అన్నాడు.

ఆ చివరి మాట విన్నాక నేను చేసిన మొదటి పని బిగబట్టిన ఊపిరి వదలడం. ఏడాదిగా ఆమెకు కేన్సర్. ఇక ముందు రోజులు బాగా కష్టంగా ఉంటాయని డాక్టర్లు చెప్పారు. చావు కంటే ఆ రోజుల గురించే ఆమెకు భయంగా ఉండేది. అవి చూడకుండానే వెళ్ళిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది, చాలాసేపు వచ్చింది కూడా. కానీ ముందు వచ్చింది ఊరట. ఆమె పేరు చెబితే నాకు ఎప్పుడూ ముందు గుర్తొచ్చేది అదే. ఎందుకో ఈ నాలుగు మాటల్లో చెప్పుకోవాలనిపించింది.

మా కుటుంబం ఉండేది దుబాయ్‌లోనే. అత్తయ్య అక్కడి ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఒక చిన్న ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. ఒక విదేశీ విశ్వవిద్యాలయానికి దుబాయ్‌లో ఉన్న శాఖలో కెమిస్ట్రీ చెప్పేది. తలుపు మీద పేరు ముందు 'డాక్టర్' అని ఉండటంతో చుట్టుపక్కల వాళ్ళు జ్వరం వచ్చినా, కాలు బెణికినా ఆమె తలుపే కొట్టేవాళ్ళు. ఎదురింట్లో జగిత్యాల నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. "మేడమ్, పిల్లకు ఒళ్ళు కాలుతున్నది, జర చూడుండ్రి" అని వచ్చేది. "నేను ఆ డాక్టర్ని కాదమ్మా" అంటూనే అత్తయ్య చెప్పులేసుకుని, కారు తీసి, తల్లీబిడ్డల్ని క్లినిక్‌కు తీసుకెళ్ళేది. అక్కడ అసలు డాక్టరు ఏదైనా గబగబా చెప్పేస్తే ఆపేసేది. "ఇంకోసారి చెప్పండి, నాకు అర్థం కాలేదు" అనేది. ఈ మాట ఆమె ఎవరితోనైనా అనేది. కూరగాయల కొట్టువాడితో, ఏసీ బాగుచేసే వాడితో, సదస్సులకు వచ్చిన పెద్ద పెద్ద ప్రొఫెసర్లతో కూడా. అనేటప్పుడు ముఖంలో కాస్తయినా మొహమాటం ఉండేది కాదు.

బంధువులకు ఆమె ఒక అంతుపట్టని మనిషి. ప్రపంచంలో పేరు చెబితే చాలు అందరూ తలెత్తి చూసే రెండు విశ్వవిద్యాలయాల్లో ఉండి వచ్చింది. పీహెచ్‌డీ యూరప్‌లో, వందల ఏళ్ళ నాటి రాతి భవనాలున్న చోట. ఆ తర్వాతి పరిశోధన అమెరికాలో, గాజు గోడల ల్యాబుల్లో. "అంత చదివి చివరికి దుబాయ్‌లో పాఠాలు చెప్పుకుంటోంది" అని పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. ఆమె నవ్వేసేది. ఆ రెండు చోట్లకూ తేడా ఏమిటని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"మొదటి చోట గడ్డి మీద నడవనివ్వరు కోడలు పిల్లా. అది ప్రొఫెసర్లకు మాత్రమే. రెండో చోట ఎవరైనా కూర్చోవచ్చు, కానీ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ గడ్డి మొలవడమే గొప్ప."

అలాగని ఆ చోట్లను ఆమె ఎప్పుడూ తక్కువ చేయలేదు. మొదటిచోటి గ్రంథాలయం గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, గుడి గురించి చెప్పినట్టు చెప్పేది. రెండోచోట పాతికేళ్ళ కుర్రాడు కూడా లేచి నోబెల్ వచ్చినాయన లెక్క తప్పని చెప్పగలడని, ఆ ధైర్యం తాను అక్కడే నేర్చుకున్నానని అనేది.

కోవిడ్ కాస్త సద్దుమణిగిన ఏడాది నాకు పీహెచ్‌డీకి రెండు చోట్ల సీటు వచ్చింది. సముద్రపు నీటిలోంచి ఉప్పును వడకట్టే పలుచటి పొరల మీద పని. ఒక సీటు అత్తయ్య చదివిన ఆ పాత, పెద్ద పేరున్న చోట. రెండోది అబూధాబీలో, నా కంటే చిన్న వయసున్న ఒక విశ్వవిద్యాలయంలో. మా ఇంట్లో రెండోదాని ఊసే రాలేదు. నాన్న ఆఫీసంతా లడ్డూలు పంచాడు. వాళ్ళ ముదీర్, అదే అరబ్ మేనేజరు, కూడా లేచి చేయి కలిపి అభినందించాడట. ఆ సంగతి నాన్న నాలుగైదుసార్లు చెప్పాడు.

అత్తయ్య మాత్రం ఒక కోరిక కోరింది. అప్పట్లో అందరూ ఆన్‌లైన్‌లోనే కలుస్తున్నారు కదా, రెండు చోట్లా వాళ్ళ వారపు సమావేశం ఒక్కసారి వినడానికి అనుమతి అడగమంది. అడిగితే ఇచ్చారు. ఆమె ఫ్లాట్‌లో, ఆమె ల్యాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. మొదటి సమావేశం చూస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ప్రశ్నలు బాణాల్లా వచ్చాయి, జవాబులు అంతకంటే వేగంగా వెళ్ళాయి. రెండోదాంట్లో సగం సమయం ఒకే గ్రాఫ్ దగ్గర ఆగిపోయారు.

"ఏం గమనించావు?" అంది.

"మొదటివాళ్ళు ఎంత చురుగ్గా ఉన్నారో చూశావా అత్తయ్యా!"

"నిజమే. 'నాకు తెలియదు' అని అక్కడ ఎవరైనా అన్నారా?"

ఆలోచించాను. ఎవరూ అనలేదు.

"రెండోచోట అన్నారు. ప్రొఫెసరే అంది" అని అత్తయ్యే గుర్తుచేసింది.

"అంటే వాళ్ళకు తక్కువ తెలుసనేగా?"

అత్తయ్య పకపకా నవ్వింది. వెళ్ళొద్దని మాత్రం చెప్పలేదు. "వెళ్ళు. ఆ లైబ్రరీ నువ్వూ చూడాలి. అక్కడ బాగుపడ్డవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు. ఫోన్ చేయడం మానకు, అంతే" అంది.

వెళ్ళాను. లైబ్రరీ ఆమె చెప్పినదానికంటే బాగుంది. నా పక్క గదిలోని పోలండ్ అమ్మాయి ఆ ఊళ్ళో నీళ్ళలో చేపలా ఉండేది. తప్పు నాదా, ఆ చోటుదా అని ఇప్పటికీ తేల్చి చెప్పలేను. మా ల్యాబ్‌లో ఒకే సమస్యను చాలామందికి ఇచ్చేవారు. ముందు తేల్చినవాళ్ళ పేరే పైకి వస్తుంది. అందుకని ఎవరి పద్ధతి వాళ్ళు సొరుగుల్లో పెట్టి తాళం వేసుకునేవారు. నా పొరలు ఎండగానే చిట్లిపోయేవి. ఎందుకు చిట్లుతున్నాయని పక్క బల్ల అబ్బాయిని అడిగితే, "ఇక్కడిదాకా వచ్చావంటే నీకు తెలిసే ఉండాలి" అన్నాడు. తిట్టలేదు, మామూలుగానే అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరినీ ఏమీ అడగలేదు. సమావేశాల్లో తల ఊపడం నేర్చుకున్నాను. తిండి తగ్గింది. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ముందుగా అడిగేది అక్కడి విశేషాలే. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పేదాన్ని.

ఒకరోజు అత్తయ్య ఫోన్‌లో ఉన్నట్టుండి అంది: "ఏంటే, ఈ మధ్య నువ్వు నన్ను ఒక్క పిచ్చి ప్రశ్న కూడా అడగట్లేదు?"

పని ఎక్కువగా ఉందన్నాను. ఆమె నమ్మలేదు. "సరే, వస్తున్నాను" అంది. ఆ వారంలోనే సెలవు పెట్టి వచ్చేసింది.

సన్నగా వాన పడుతోంది. చీర మీద మగవాళ్ళ పెద్ద కోటు వేసుకుని స్టేషన్‌లో దిగింది. నన్ను నది పక్కనే నడిపించుకుంటూ ఒక సందులోకి తీసుకెళ్ళి, ఓ మేడ మీది కిటికీ చూపించింది.

"అదీ నా గది. అక్కడ పెట్టె సర్దుకుని మంచం మీద ఎన్నిసార్లు కూర్చున్నానో. వెళ్ళిపోదామనే."

"మరి వెళ్ళలేదేం?"

"మీ తాతయ్య కాకినాడ అంతా చెప్పుకున్నాడు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను? పూర్తి చేశాను. చేసినందుకు చింత లేదు. కానీ ఆ ఏళ్ళలో నేను నవ్వినట్టు నాకు గుర్తు లేదే." కిటికీ మీద నుంచి చూపు తిప్పి నన్ను చూసింది. "నన్ను తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. అందుకే నేనొచ్చాను. ఉంటానంటే నాలుగు రోజులు వండిపెట్టి వెళ్తాను. వస్తానంటే టికెట్ కొంటాను. రెండింటికీ నాకు ఇష్టమే."

"నాన్న?"

"వాడు నా తమ్ముడు. వాడి సంగతి నేను చూసుకుంటాను."

అప్పుడు ఏడ్చాను. వాన పడుతున్న సందులో, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా. ఏడుస్తుంటే భుజాల మీది నుంచి ఏదో దిగిపోతున్నట్టు స్పష్టంగా తెలిసింది. అంత తేలిక అంతకు ముందెప్పుడూ ఎరగను. "వస్తాను" అన్నాను. అత్తయ్య కోటు జేబులోంచి రుమాలు తీసిచ్చి, "ముందు వేడిగా ఏదైనా తిందాం పద" అంది. ఆ రోజు నేను రెండు ప్లేట్లు తిన్నాను.

దుబాయ్ విమానాశ్రయంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఏమంటాడోనని విమానంలో అంతసేపూ నాకు అదే ఆలోచన. ఆయన నా ముఖం చూశాడు, చిక్కిపోయిన నా చేతులు చూశాడు. పెట్టె అందుకున్నాడు.

"ఖలాస్. ఇంక ఆ మాట వద్దు. అమ్మ పప్పు చేసింది, పద" అన్నాడు.

కారులో వెనక సీట్లో కూర్చున్న అత్తయ్య ఇల్లు చేరేదాకా గురక పెట్టి నిద్రపోయింది.

తర్వాత అబూధాబీ వాళ్ళకు రాశాను. ఇంకా చోటుంటే తీసుకోమని అడిగాను, ఎందుకు వెనక్కి వచ్చానో దాచకుండా చెప్పాను. తీసుకున్నారు. మొదటి వారం సమావేశంలో నా పొరలు ఎందుకు చిట్లుతున్నాయో తెలియదని చెప్పాను. "మాకూ తెలియదు, చూద్దాం" అంది మా ప్రొఫెసర్. ఆమె అలా అనగానే నా నోట్‌బుక్ తెరిచి అందరి మధ్యా పెట్టాను, సంతోషంతో. ఇప్పుడవి చిట్లడం లేదు. ఈ చోటి పేరు చెబితే మా బంధువులు "అదెక్కడ?" అంటారు. నాన్నే ఓపిగ్గా దారి చెబుతాడు.

దుబాయ్‌లోనే జరిగిన అంత్యక్రియలకు అత్తయ్య విద్యార్థులు చాలామంది వచ్చారు. ఎవరి భాషలో వాళ్ళు 'ఇంకోసారి చెప్పండి' అని ఆమెను అనుకరిస్తూ, మధ్యమధ్య నవ్వుతూ ఏడ్చారు. ఎదురింటి జగిత్యాలావిడ నా పక్కనే నిలబడి, "మా డాక్టరమ్మ" అని అందరికీ చెప్పింది. నేను సరిదిద్దలేదు.

నా కళ్ళల్లో నిలిచిపోయిన దృశ్యం మాత్రం నిరుటి చలికాలానిది. మా విభాగంలో నేను నా పని గురించి మాట్లాడాల్సిన రోజు. రావద్దన్నా వినకుండా అత్తయ్య నాన్నతో కలిసి అబూధాబీ వచ్చింది. మందుల వల్ల బాగా నీరసంగా ఉంది. చివరి వరసలో, గోడ పక్క కుర్చీలో కూర్చుంది. నేను మొదలుపెట్టిన కాసేపటికే ఆమె తల మెల్లగా గోడకు ఆనింది. నిద్రపోయింది. నేను ఎక్కడ మాట్లాడినా రెప్ప వేయకుండా, నా కంటే ఎక్కువ కంగారుతో వినే మనిషి ఆమె. ఇక నా గురించి కంగారు పడాల్సిన పని లేదనుకున్నట్టుంది. మా ప్రొఫెసర్ గమనించి నవ్వుతూ నా వైపు చేయి ఊపింది, కొనసాగించమన్నట్టు. నేను గొంతు కాస్త తగ్గించాను. అత్తయ్య పక్కన కూర్చున్న స్థానిక ఎమిరాతీ అమ్మాయి తన శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పి, చప్పుడు కాకుండా మళ్ళీ నా వైపు తిరిగి వినసాగింది. అత్తయ్య నోరు కాస్త తెరుచుకుని ఉంది. నుదుటి మీద ఒక్క ముడత కూడా లేదు.